ఆరు తెల్ల గౌన్లు

సూర్యాపేట,
19 జనవరి 2025, ఆదివారం

సుజాతత్తకు,

నీ మేనకోడలు రాణి వందనాలు. ఎలా ఉన్నావత్తా? మోకాలు నొప్పి తగ్గిందా?

హాస్టల్లో ఫోన్లు ఉండవని నీకు తెలుసు కదా. నెలకొకసారి వార్డెన్ మేడం ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ ఐదు నిమిషాలూ నాయినకే సరిపోవు. సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి చెవుల నిండా దుమ్ముతో మాట్లాడతాడు, ఒక్కో మాట రెండుసార్లు చెప్పాలి. అమ్మ మిర్చి ఏరబోతే అసలు దొరకనే దొరకదు. అందుకే నీకు ఉత్తరం రాస్తున్నాను.

మార్చి ఒకటిన మా పదో తరగతి ఫేర్‌వెల్. పోయినేడు మనిషికి ఎనిమిది వందలు తీసుకుని బిర్యానీ పెట్టి ఫొటో దిగారట. ఈసారి ఆరున్నర వేలు. పక్క వీధి స్కూలు వాళ్ళు పోయినేడు పిల్లల్ని గుర్రపు రథం మీద తెచ్చారు. ఆ వీడియో చూసి మా దగ్గర చేరాల్సిన నలభై మంది అక్కడ చేరారని కరస్పాండెంట్ సారు మనసులో పెట్టుకున్నారు. హైదరాబాద్ నుంచి ముఖేష్ అనే ఈవెంట్ అతన్ని పిలిచారు. స్టేజీ, డీజే, డ్రోన్, అన్నీ ఉంటాయి. ఆరుగురు అమ్మాయిలు తెల్ల గౌన్లు, రెక్కలు వేసుకుని రెండు వేల బెలూన్ల కమాను కింద నుంచి దేవదూతల్లా వస్తారు. మధ్యలో నడిచేది ఎవరో తెలుసా? నేనే. క్లాసులో ఫస్టు కదా.

నా దగ్గర డబ్బులు తీసుకోవడం లేదు. నాకు ముందే సగం ఫీజు మాఫీ. సారు అందరి ముందూ నవ్వుతూ, "మీ నాయిన నుంచి ఎట్లాగూ పైసలు రావు, నువ్వన్నా స్కూలుకు అక్కరకు రా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గౌన్లు హైదరాబాద్‌లో ఒక్కొక్కటి తొమ్మిది వేలట. కోదాడలో మా అత్త ఇంతకంటే బాగా కుడుతుందని నేనే చెప్పాను. నా రూమ్‌మేట్ స్వర్ణ వెంటనే ఒప్పుకుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు వాళ్ళ అమ్మాయి. మంచిది, నా ఇంగ్లీషు నోట్సు అంతా తనే రాసి పెట్టింది. ఆరుగురి కొలతలు ఇందులో పెట్టాను. కుడతావు కదా అత్తా?

నీ కోడలు,
రాణి


కోదాడ,
23 జనవరి

రాణికి,

అత్త దీవెనలు. ఉత్తరం చూసి ఎన్నాళ్ళయిందో! పోస్టుమ్యాన్ కూడా నా చేతికిస్తూ, "నీకు బ్యాంకు కాయితాలు తప్ప ఇట్లాంటివి రావు గదమ్మా" అన్నాడు.

ఆరు గౌన్లంటే చిన్న పని కాదు. ఈ మధ్య జనం విజయవాడ పోయి రెడీమేడ్ తెచ్చుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేవి చీరలకు ఫాల్సు, పీకోలు, బిగుసుకుపోయిన జాకెట్లు వదులు చేయడం. కాబట్టి ఈ పని నాకూ అవసరమే. నీ గౌనుకి కుట్టుకూలి తీసుకోను.

అయితే ఫేర్‌వెల్ అంటే ఇంతుంటుందని నాకు తెలియదు. మఠంపల్లి హైస్కూలు వదిలిన రోజు మాకు మిక్చరు పొట్లం, గ్లాసు నిమ్మరసం ఇచ్చారు. లెక్కల సారు ఏడ్చాడు. అంతే.

ఒక మాట. కొలతల కాయితంలో ఒక్కో గౌనుకి పద్దెనిమిది మీటర్ల నెట్ అని రాశారు. నెట్ అంటే నైలాన్, బిడ్డా. మూడేళ్ళ కింద జగ్గయ్యపేట నుంచి ఒకావిడ నా దగ్గర నెట్ ఓణీ కుట్టించుకుంది. చర్చిలో కొవ్వొత్తుల ఆరాధనకు కట్టుకుపోతే కొంగుకు మంట తగిలింది. నూలు బట్టయితే మెల్లగా కాలుతుంది, ఆర్పుకునే వ్యవధి ఉంటుంది. నెట్ అలా కాదు. గబుక్కున అంటుకుని, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆమె చెయ్యి ఇప్పటికీ మోచేతి దగ్గర మడత పడదు.

మీ స్టేజీ మీద దీపాలు, పటాకులు ఏమైనా పెడుతున్నారా? పెడితే మంచి కాటన్‌తో కుడతాను. గంజి పెడితే అదీ గుండ్రంగా నిలబడుతుంది. అడిగి రాయి.

మీ నాయిన అన్నిటికీ సరేనన్నాడా?

మీ అత్త,
సుజాత


సూర్యాపేట,
2 ఫిబ్రవరి, ఆదివారం

అత్తా,

నీ ఉత్తరం వార్డెన్ మేడం ముందే విప్పి చదివారు. ఆ రోజు స్టడీ అవర్లో అందరి ముందూ, "ఒకరి అత్తకు అగ్గిపుల్లన్నా భయమేనంట" అన్నారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇకమీదట నాకు ఉత్తరం రాస్తే డే స్కాలర్ నాగరాణి ఇంటికి పంపు. అడ్రసు కింద ఇచ్చాను. నా ఉత్తరాలు కూడా తనే పోస్టులో వేస్తుంది.

కాటన్ గౌను అంటే అమ్మాయిలు పడి పడి నవ్వారు. "దవాఖానల నర్సమ్మల లెక్క ఉంటది" అన్నారు. స్వర్ణ మాత్రం నవ్వలేదు గానీ, "నెట్ లేకుంటె వీడియోల ఏం కనవడదు రాణీ" అంది.

మంటలేమీ ఉండవు. నడిచేటప్పుడు అటూ ఇటూ పూలలాగా రవ్వలు లేస్తాయి. దాన్ని కోల్డ్ ఫైర్ అంటారట. ముఖేష్ అన్న ఒకటి వెలిగించి అందులో చెయ్యి పెట్టి తీశాడు, ఏం కాలేదు. "గిది చల్ల మంట, టెన్షన్ తీస్కోకుర్రి" అన్నాడు.

నాయిన ఒప్పుకున్నాడు. నువ్వు మళ్ళీ అడగనక్కర లేదు.

కుట్టడం మీకు భారమైతే, లేదా బాకీ పెడతామని అనుమానముంటే నేరుగా చెప్పండి. స్వర్ణ వాళ్ళ నాన్న ముందే మొత్తం ఇస్తానన్నాడు. భయాలు చెప్పి తప్పించుకోనక్కర లేదు.

రాణి


కోదాడ,
6 ఫిబ్రవరి

రాణికి,

'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. సరే.

పని తప్పించుకునే మనిషినైతే మీ మామ పోయాక పన్నెండేళ్ళుగా ఈ మిషను తొక్కేదాన్ని కాదు. బాకీ పెడతారని అనుమానపడే మనిషినైతే నీ పుస్తకాలకు, నీ కళ్ళద్దాలకు అడగకుండా పంపేదాన్ని కాదు. ఇది దెప్పడం కాదు. నువ్వు అన్నావు కాబట్టి అన్నాను.

నెట్‌తోనే కుడతాను. లోపల రెండు పొరల నూలు లైనింగ్ వేస్తాను, వెనక జిప్పు పెడతాను. మోడల్ ఒకటి సోమవారం బస్సు పార్సిల్లో పంపుతున్నాను, చూసుకుని చెప్పండి.

మీ నాయిన ఒప్పుకున్నాడంటే ఇక నేనెవరిని?

అన్నం తిను. పరీక్షలు దగ్గర పడ్డాయి.

అత్త


సూర్యాపేట,
16 ఫిబ్రవరి, ఆదివారం

అత్తా,

నా మీద కోపం పెట్టుకోకు. పోయిన ఉత్తరం పోస్టులో వేయించిన దగ్గర నుంచి నాకే బాగా లేదు. గౌను వచ్చింది. ఎంత బాగుందో! నేను వేసుకుంటే స్వర్ణ నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. "నిజంగనే దేవదూతవే" అంది. తనే నా జుట్టు విప్పి భుజాల మీద పరిచింది.

రెండే మార్పులు. లైనింగ్ వల్ల గౌను బరువుగా ఉంది, గాలికి లేవడం లేదు, తీసేయమన్నారు. జిప్పు వద్దు, వెనక నడుము దాకా తాడుతో అల్లి బిగించాలట, ముఖేష్ అన్న ఫొటో చూపించాడు. మోడల్ గౌను బస్సు పార్సిల్లో వెనక్కి పంపుతున్నాను, అన్నిటికీ ఈ రెండూ చెయ్యి అత్తా. చేయకపోతే హైదరాబాద్ నుంచే తెప్పిస్తామంటున్నారు.

నిన్న రిహార్సల్లో ఒక తమాషా జరిగింది. బెలూన్లు గ్యాసుతో నింపి కట్టారు. ఒక గుత్తి హాలోజన్ లైటుకు తగిలి ఢామ్మని పేలింది. కరెంటు పని చూసే బీక్యా పక్కనే ఉన్నాడు. కనుబొమ్మలు మాడిపోయాయి! అందరం నవ్వితే అతను నవ్వలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా, "గీ గ్యాసు మంచిది గాదు బిడ్డా. నేను జెప్తె ఎవలు ఇంటరు" అన్నాడు. పాపం, భయపడ్డాడు.

నీకు ఒకటి దాచాను, ఇప్పుడు చెప్తాను. నాయినకు ఈ సంగతేదీ తెలియదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం ఇచ్చారు. ఏ ప్రమాదం జరిగినా యాజమాన్యం బాధ్యత కాదు అని అందులో ఉంది. నాయిన వచ్చి సంతకం పెట్టాలంటే ఒక రోజు కూలి పోతుంది, పైగా ఇవన్నీ చూసి వద్దంటాడు. నేనే 'ప్రభుదాస్' అని పెట్టేశాను. ఎందుకంటే సారు ఒక మాట ఇచ్చారు. ఫేర్‌వెల్ బాగా చేస్తే వాళ్ళ జూనియర్ కాలేజీలో రెండేళ్ళు ఫీజు లేకుండా చదివిస్తారట, హాస్టల్‌తో సహా. నేను డాక్టర్ చదవాలంటే ఇంకో దారి ఉందా, చెప్పు?

ఎవరికీ చెప్పకు.

నీ రాణి


సూర్యాపేట బస్టాండు,
20 ఫిబ్రవరి, గురువారం

రాణీ,

నీకు మూడు వీధుల దూరంలో కూర్చుని రాస్తున్నాను. ఆరు గౌన్లూ తీసుకుని పొద్దున్నే వచ్చాను. ఇది పేరెంట్స్ రోజు కాదని నిన్ను చూడనివ్వలేదు. మీ సారు ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు.

ప్రమాదం కాగితం రాయించుకునే పండుగ నేను ఎక్కడా వినలేదు. అందుకే అడిగాను. "ఆ గ్యాసు పేలుతుందట కదండి? పిల్లలు నెట్ గౌన్లు వేసుకుంటున్నారు. నిప్పురవ్వలు, గ్యాసు, నెట్, మూడూ ఒకచోట పెట్టకండి" అన్నాను. ఆయన ఏమాత్రం విసుక్కోలేదు. "మంచి మాట చెప్పినవమ్మా. గది రిహార్సల్ గ్యాసు. ఆ రోజు హీలియం పెట్టిస్తం. హీలియం మండదు. నువ్వు నిమ్మలంగ పో" అన్నారు. చదువుకున్న మనిషి, నేనేం వాదించను? గౌన్లు ఇచ్చేశాను.

మీరు చెప్పినట్టు లైనింగ్ ఒక పొర తీశాను. ఒకటి వదిలేశాను. తాళ్ళు కూడా అల్లాను. చేస్తున్నంత సేపూ చేతులకు ఇష్టం లేదు. అయినా చేశాను.

సంతకం సంగతి దాచలేను బిడ్డా. ఇవాళే అన్నకు ఫోన్ చేస్తాను. నువ్వు తిట్టుకున్నా సరే. నీకు జ్వరమొచ్చిందని చెప్పి ఆ రోజు మంచం దిగకు. నీ చదువు సంగతి మనం వేరే చూద్దాం.

బస్సు వచ్చింది.

అత్త


సూర్యాపేట,
24 ఫిబ్రవరి

సుజాతత్త గారికి,

మీరు కోరుకున్నది జరిగింది.

నిన్న నాయిన వచ్చాడు. ఆఫీసు ముందు, అందరూ చూస్తుండగా, "నా పేరు నువ్వెట్ల రాస్తవే?" అని చెయ్యెత్తాడు. కొట్టలేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. కొట్టి ఉంటే బాగుండేది.

సారు నన్ను పిలిచి, "మీ అత్తొచ్చి లొల్లి పెట్టింది. నిన్ను మధ్యల నిలబెట్టొద్దన్నది. గిసొంటోళ్ళతోటి మాకెందుకు" అన్నారు. మధ్యలో ఇప్పుడు స్వర్ణ నడుస్తుంది. నా గౌను తనే వేసుకుంటుంది. తన గౌను వేరే అమ్మాయికిచ్చారు. నేను స్కూలు డ్రెస్సులో స్టేజీ చివర పూల పళ్ళెం పట్టుకుని నిలబడాలి. ఫ్రీ సీటు లేదు.

నువ్వెందుకు వచ్చావత్తా? నన్ను తీసేయమని అడగడానికా అంత దూరం వచ్చావు?

ఇక నాకు రాయకండి.

రాణి


కోదాడ,
27 ఫిబ్రవరి, గురువారం

రాణీ,

వద్దన్నా రాస్తున్నాను. చింపేయకు, చివరి దాకా చదువు.

నిన్ను తీసేయమని నేను అడగలేదు. ఆ మాట నా నోట రాలేదు. గ్యాసు గురించే అడిగాను.

నిన్న ఇక్కడ బర్త్‌డే బెలూన్లు కట్టే ఎర్రయ్య దగ్గరికి పోయి కనుక్కున్నాను. రెండు వేల బెలూన్లకు హీలియం అంటే అతను నవ్వాడు. "అంత ఖరీదు ఎవురు పెడతారమ్మా? ఊళ్ళో ఎక్కడ చూసినా హైడ్రోజనే. రవ్వ తగిలితే ఒక్క బెలూను ఆగదు, అన్నీ ఒక్కసారే పోతాయి" అన్నాడు. మీ సారు నాతో అబద్ధం చెప్పాడు. నేను టీ తాగి నమ్మాను.

స్కూలుకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. నేనే బయల్దేరుతానంటే మీ నాయిన, "నీ వల్ల పోయిన ఇజ్జత్ చాలు, మళ్ళ ఆ గేటు కాడికి పోతే నాకు చెల్లెవే కావు" అన్నాడు. అందుకని కొరియర్‌లో నాగరాణి ఇంటికి పంపుతున్నాను. శనివారం, మీ ఫేర్‌వెల్ రోజు మధ్యాహ్నానికి చేరుతుందన్నాడు.

నువ్వు గౌను వేసుకోవడం లేదు. దేవునికి స్తోత్రమని నా నోటికి వచ్చింది. వెంటనే స్వర్ణ గుర్తొచ్చింది. ఆ పిల్లకు చెప్పు. ఎలాగైనా చెప్పు.

అత్త


మఠంపల్లి,
6 మార్చి

అత్తా,

ఇది నాయిన రాత. నా రెండు చేతులకూ కట్లు ఉన్నాయి. నేను చెప్తుంటే ఆయన రాస్తున్నాడు. మధ్యలో ఆగిపోతున్నాడు.

నీ ఉత్తరం శనివారం మూడింటికి అందింది. కోపం మీద ఉన్నా చదివాను. చదివి మేకప్ గదికి పరుగెత్తాను. స్వర్ణకు వెనక తాళ్ళు బిగిస్తున్నారు. చెవిలో చెప్పాను, బెలూన్లలో ఉన్నది హైడ్రోజన్, కమాను కింద నిలబడకు అని. తను అద్దంలో నన్ను చూసింది. "నా ప్లేస్ పోయిందని కుళ్ళుకుంటున్నవా రాణీ? నేను అడిగిన్నా నీ ప్లేస్?" అంది. కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడే వేసిన కాటుక కారిపోతుందని పక్కనున్న ఆమె నన్ను బయటికి నెట్టింది.

ముఖేష్ దగ్గరికి పోయాను. సిలిండర్ మీద కాగితం చూపించి, "హీలియం అని రాసుంది, చదువొస్తదా?" అన్నాడు. పక్కనే బీక్యా ఉన్నాడు. తల పైకెత్తలేదు. సారు దగ్గరికి పోతే వార్డెన్ మేడం చెయ్యి పట్టి లాక్కొచ్చి పళ్ళెం ఇచ్చి నిలబెట్టారు.

ఆరింటికి పాట మొదలైంది. ఆరుగురూ వచ్చారు. రవ్వలు లేచాయి. నిజంగానే ఎంత బాగుందో అత్తా, ఒక్క క్షణం నేనూ భయం మర్చిపోయాను. స్వర్ణ కమాను కింద ఆగి చేతులు చాపింది. దగ్గర నుంచి తీద్దామని డ్రోన్ కిందికి దించారు. ఆ గాలికి బెలూన్ల గుత్తులు వంగి రవ్వల మీదికి వాలాయి.

ఒక్కటే చప్పుడు. పసుపు రంగు మంట, స్టేజీ అంత. రెప్ప వేసేలోగా ఆరిపోయింది. కింద తల్లిదండ్రులంతా చప్పట్లు కొట్టారు. అదీ ప్రోగ్రాంలోదే అనుకున్నారు. చప్పట్లు ఆగేసరికి గౌన్లు మండుతున్నాయి.

ఎట్లా పోయానో తెలియదు, స్వర్ణ దగ్గరున్నాను. తాళ్ళు లాగాను. ముడి మీద ముడి. కరిగిన నెట్ వేళ్ళకు అతుక్కుంది. లాగుతూనే ఉన్నాను, రాలేదు. బీక్యా కింద పరిచిన కార్పెట్ లాగి తనను చుట్టి దొర్లించాడు. అంబులెన్సులో నేనూ తన పక్కనే ఉన్నాను. తనకు తెలివి ఉంది. వాళ్ళమ్మ ఆ రోజు ఫేర్‌వెల్‌కు రాలేదు. "మా అమ్మకు చెప్పకుర్రి, గాబర పడ్తది" అంది. అదొక్కటే అంది.

మిగతా ఐదుగురికీ చేతుల మీద, వీపు మీద కాలింది, బతుకుతారట. స్వర్ణ హైదరాబాద్ దవాఖానలో ఉంది. సగం ఒళ్ళు అన్నారు.

నేను ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది అత్తా.

రాణి

చెల్లీ, నిన్ను గేటు దగ్గరికి పోవద్దన్నది నేనే. ఆ మాట అన్న నోటితో అన్నం తినలేకపోతున్నాను. — ప్రభుదాస్


కోదాడ,
12 మార్చి

రాణికి, అన్నకు,

ఇద్దరూ ఒకే కాగితం చదవండి.

నిన్న పోలీసులు వచ్చారు. మిగిలిన నెట్ ముక్కలు, కొలతల పుస్తకం తీసుకుపోయారు. బెలూన్లలో హీలియమే ఉందని, కోదాడ దర్జీ చౌకబారు బట్ట వేయడం వల్లే అంటుకుందని స్కూలు వాళ్ళు రాసిచ్చారట. అందరి తల్లిదండ్రులూ సంతకాలు పెట్టారని ఆ కాగితాలు చూపించారట. అందులో అన్న పేరుతో ఉన్నదీ ఉంది.

మా సందులో వాళ్ళు పలకరించడం మానేశారు. బ్లౌజుకిచ్చిన ఇద్దరు బట్ట వెనక్కి తీసుకుపోయారు. వాళ్ళను తప్పు పట్టను. లైనింగ్ తీసిన చేతులు నావే కదా. ఆ పొర ఉంటే ఆ పిల్లకు ఎంత దక్కేదో అని కత్తెర పట్టుకున్నప్పుడల్లా అనిపిస్తోంది. అందుకని పట్టుకోవడం లేదు.

ఒకటి మాత్రం వినండి. రాణి సంతకం సంగతి పోలీసులకు చెప్పకండి, ఆ కాగితం చెల్లాలి కాబట్టి స్కూలు వాళ్ళూ చెప్పరు. తెలిస్తే దాన్ని పరీక్షలు రాయనివ్వరేమో, కేసు పెడతారేమో. బట్ట నాది, కుట్టింది నేను. వాళ్ళు నా మీద ఏం రాస్తే అది రాసుకోనీ. నేను కాదనను. నాకు వెనకా ముందూ పిల్లా జెల్లా ఎవరున్నారు? రాణి చదువుకోవాలి.

సుజాత


మఠంపల్లి,
23 మార్చి, ఆదివారం

అత్తా,

ఇది నా చేతి రాతే. అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయి, ఏమనుకోకు. కుడిచేతి రెండు వేళ్ళు వంగుతున్నాయి.

పద్నాలుగో తారీఖు తెల్లవారుజామున స్వర్ణ పోయింది.

నాయిన, నేను మిర్యాలగూడ పోయాం. మిల్లు ఆపేశారు. లారీలన్నీ రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్ళమ్మ యశోదమ్మ నన్ను లోపలికి పిలిచింది. తిడుతుందనుకున్నాను. నా కట్లు పట్టుకుని చూసి, "ఆ తాళ్ళు ఇప్పనీకి ఎంత సేపు పట్టింది బిడ్డా?" అని అడిగింది. "నొప్పయిందా దానికి?" అంది. "లేదమ్మా" అన్నాను. అది అబద్ధం. ఆమెకూ తెలుసు. తల ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు నాయినతో చెప్పాను, మఠంపల్లి బస్సు కాదు, సూర్యాపేట బస్సు ఎక్కుదామని. ఆయన సూర్యాపేటకు రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. స్టేషన్‌కు పోయి అంతా చెప్పాను. ఆ సంతకం మా నాయిన పెట్టలేదు, నేనే పెట్టాను అన్నాను. నువ్వు సారు దగ్గరికి వచ్చి గ్యాసు వద్దని చెప్పిన సంగతి, హీలియం అని ఆయన మాటిచ్చిన సంగతి చెప్పాను. ఎస్సై, "నీ మీదికొస్తది, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. నీ మాట కాదన్నందుకు క్షమించు. నీ మీద పడుతుంటే చూస్తూ పరీక్ష రాయలేను.

మరునాడు బీక్యా కూడా స్టేషన్‌కు పోయాడట. "సిలిండర్ మీద హీలియం కాయితం అంటించింది నేనే. సారు చెప్తె అంటించిన" అన్నాడట. ఉద్యోగం పోయింది. ముఖేష్‌ను పట్టుకున్నారు. సారుకు గుండెనొప్పట, దవాఖానలో చేరారు, ఇంకా పోలీసులు ఆయన్ని కలవలేదు. స్కూలు నడుస్తూనే ఉంది.

పరీక్షలు రాస్తున్నాను. నేను చెప్తే రాయడానికి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయిని ఇచ్చారు. మొన్న మొదటి పరీక్ష, తెలుగు. నా ముందు బెంచీ ఖాళీ. నంబరు మాత్రం అతికించి ఉంది. ఆ అమ్మాయి, "అక్కా, చెప్పు" అని మూడుసార్లు అడిగాక మొదలుపెట్టాను.

రాణి


కోదాడ,
14 ఏప్రిల్

రాణికి,

నిన్ను తిడదామని మూడు కాగితాలు మొదలుపెట్టి చింపాను. తిట్టడం రావడం లేదు. నువ్వు స్టేషన్‌లో నిలబడి చెప్పావని అన్న ఫోన్లో అంటుంటే ఆయన గొంతు వేరేలా ఉంది. అంత కష్టంలోనూ అది గర్వమే.

పోలీసులు మళ్ళీ పిలిచారు. ఈసారి కుర్చీ వేశారు. నన్ను సాక్షిగా రాసుకున్నారు. మీ సారును అరెస్టు చేశారు గానీ అప్పుడే బెయిలు వచ్చిందట. కేసు ఎన్నేళ్ళు పడుతుందో అడిగితే స్టేషన్ రైటర్ నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడ సర్కారు జూనియర్ కాలేజీలో బైపీసీ ఉంది. కనుక్కున్నాను. ఫీజు ఏమీ లేదు, లెక్చరర్లు ఉన్నారు. కొట్టు వెనక గది ఖాళీ చేశాను. పరీక్షలు అయ్యాయి కదా, వేళ్ళకు ఫిజియోథెరపీ కూడా ఇక్కడే చేయించవచ్చు. వచ్చేయి.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి చూస్తున్నాను.

ఇవాళ ఒకామె వచ్చింది. చేతిలో ఐదేళ్ళ పాప. యూకేజీ అయిపోయిందట, వాళ్ళ స్కూల్లో గ్రాడ్యుయేషన్ డే చేస్తున్నారట. "ఇలాంటిది కావాలండి, పాపకు సరిపోయేట్టు" అని ఫోన్ చూపించింది. చూశాను రాణీ. తెల్ల గౌను. రవ్వల మధ్య స్వర్ణ చేతులు చాపి నిలబడి ఉంది. నవ్వుతోంది. అక్కడికి వీడియో అయిపోయి మళ్ళీ మొదలవుతోంది. ఎవరో అంతవరకే కత్తిరించి, పాట పెట్టి వదిలారు. లక్షల మంది చూశారట.

"దీని తర్వాత ఏమయిందో తెలుసా అమ్మా?" అన్నాను.

"ఏమో అండి, ఇంతే ఉంది" అంది.

చెప్పాను. అంతా చెప్పాను. ఆమె పాప చెవులు మూసి విన్నది. ఫోన్ సంచిలో పెట్టుకుని, "అందరు పిల్లలూ వేసుకుంటున్నారండి. మా పాప ఒక్కతే మామూలు గౌనులో ఎట్లా నిలబడుతుంది?" అంది. నేను కుట్టనన్నాను. కోప్పడలేదు, దండం పెట్టి దిగిపోయింది.

ఇప్పుడు ఎదురుగా రోడ్డవతల కొత్తగా తెరిచిన టైలర్ కొట్టులో ఉన్నారు. ఇక్కడి నుంచి కనబడుతున్నారు. పాపను స్టూలు మీద నిలబెట్టారు. భుజాలు కొలుస్తున్నారు. చేతులు చాపమన్నట్టున్నారు, చాపింది.

ఉత్తరం ఇక్కడికి ఆపుతున్నాను. మోకాలు నొప్పిగానే ఉంది, రోడ్డు మీద లారీలు ఆగడం లేదు. అయినా దాటి పోయి ఆ కొట్టులోనే నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పి వస్తాను.

మీ అత్త,
సుజాత